ఒడిలో పెట్టి చూసి తెచ్చిన చాట

నేను చెబుతుంటే ఇప్పుడు ఫోనులో టకటకా కొట్టుకుంటున్న ఈ పిల్ల, మా మనవరాలు, పోయిన నెల ఆఫీసు స్నేహితులతో థాయ్‌లాండ్ పోయి, అక్కడి బజారు నడుమ నిలబడి నాకు వీడియో కాల్ చేసింది. దాని వెనక వెదురు బుట్టలు, చెక్క ఏనుగులు, కాగితపు గొడుగులు, అన్నీ చేత్తో చేసినవేనట. నీకేం తేవాలి, చిన్నమ్మమ్మకేం తేవాలి అని అది అడుగుతూనే ఉంది, నాకు మాత్రం ఆ బుట్టలు కనబడగానే నోట మాట ఆగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని అది అక్కడ ఫోను ఊపుతుంటే, నేను అప్పటికే మనసులో ఏళ్ల కిందటి మస్కట్ పాత బజారులో నేల మీద చతికిలబడి ఉన్నాను.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, మన కోరుట్లలో గానీ జగిత్యాలలో గానీ గల్ఫ్ నుంచి మనిషి దిగాడంటే పెట్టె విప్పేదాకా వాడకట్టంతా ఆ గుమ్మంలోనే ఉండేది. సెంటు సీసా, సబ్బు, టార్చిలైటు, పూల కంబళి, వీటిలో ఎవరి చేతికి ఏది వచ్చిందన్నదాన్ని బట్టి ఎవరి మర్యాద ఎంతో తేలిపోయేది. పెట్టె తెచ్చేది ఎప్పుడూ మగవాళ్లే. ఆడమనిషి పెట్టెతో దిగడం మా వాడకట్టులో నాతోనే మొదలు.

అది కూడా నేను కోరి పోయింది కాదు. తొలికాన్పు పుట్టింట్లో కావాలి కదా, కానీ మా అల్లుడు మస్కట్‌లో డ్రైవరు, కంపెనీ ఇల్లిచ్చిందని మా బిడ్డను కూడా తీసుకుపోయాడు, నెలలు నిండుతున్న పిల్లను విమానం ఎక్కించవద్దని డాక్టరమ్మ అన్నది. కాబట్టి పుట్టిల్లే లేచి విమానమెక్కింది. ఆ కడుపులో ఉన్నది ఈ పిల్లే. నవ్వకు, రాయి.

నా భయమల్లా బీడీ కార్డు గురించే. మూడు నెలలు బీడీలు అప్పజెప్పకపోతే కార్ఖానాలో పేరు కొట్టేస్తారు, మళ్లీ ఎక్కించుకోవడం వాళ్ల దయ. పెళ్లయిన ఏడాది నుంచి కాపాడుకుంటూ వచ్చిన కార్డు అది. మా మరిది భార్య, అంటే మా యారాలు, ఈ పిల్లకు చిన్నమ్మమ్మ, ఒకే వాకిట్లో నా ఎదురుగా కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. నా మొహం చూసి, కత్తిరిస్తున్న తునికాకు మీంచి తల కూడా ఎత్తకుండా అన్నది.

“నువ్వు పో అక్క. నీ ఆకు గూడ నేనే చుడుత. నాకేం తెస్తవో జూస్త గని.”

వేళాకోళానికి అన్న మాటే. కానీ అక్కడ ఉన్నన్నాళ్లూ, పసిదానికి నీళ్లు పోస్తున్నా, బిడ్డకు కారప్పొడి నూరుతున్నా, ఇద్దరు ఆడవాళ్ల ఆకు ఒక్క ఒడిలో పెట్టుకుని వంగిన ఆ మెడే నా కళ్ల ముందుండేది. ఆమెకు ఏదో ఒకటి తీసుకుపోతే సరిపోదు, తక్కువైతే జన్మంతా ఎదురెదురుగా కూర్చుని తల ఎట్లా ఎత్తను?

అల్లుడు అద్దాల దుకాణాలన్నీ తిప్పాడు. మా పుట్టిల్లు సిరిసిల్ల, మా నాయన మగ్గం మీద బతికినవాడు, బట్టను ముందు తిప్పి వెనక చూడమనేవాడు, చేతిపని అయితే వెనక తెలుస్తుందని. నేను అక్కడ గిన్నెలు, బొమ్మలు, శాలువలు అన్నీ తిప్పి చూసి పెట్టేశాను, ఒక్కదాని వెనకా చెయ్యి కనబడలేదు. చేతులతో చేసిన మేలుకు చేతులతో చేసిందే ఇవ్వాలని నా పట్టు.

చివరికి పాత బజారులో, ముఖానికి నల్ల ముసుగు కట్టుకున్న ఒక ముసలమ్మ ఖర్జూరపాకుతో గుండ్రటి చాటలు అల్లుతూ కనబడింది. నేను అక్కడే చతికిలబడి, ఒక్కో చాటా ఒడిలో పెట్టుకుని, లేని ఆకు కత్తిరించి, లేని పొగాకు పోసి, లేని దారం చుట్టి చూస్తుంటే, అల్లుడు సిగ్గుపడి పక్క దుకాణంలోకి పోయాడు. ముసలమ్మ ముసుగులోంచి నవ్వింది. నా బొటనవేలు పట్టుకుని, దారం కోసిన చీలికను చూసి, ఆకు కోసిన తన వేలి చీలికను పక్కన పెట్టి చూపించింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. కుప్ప అడుగు నుంచి అంచు కొంచెం లేచిన ఒక చాట తీసి నా ఒడిలో పెట్టింది. దూదిలా తేలికగా, తొడకు గీరుకోకుండా, కొలిచి చేసినట్టు కూర్చుంది. పెట్టెలో నలుగుతుందని విమానంలో కూడా దాన్ని ఒడిలోనే పెట్టుకుని వచ్చాను.

ఇంటికి రాగానే పెట్టె విప్పాను. ఆడబిడ్డలకు, పక్కింటి వాళ్లకు సెంటు సీసాలు పోయాయి. అందరి ముందూ ఇవ్వాలని యారాలి చాట చివరికి ఉంచాను. తీసి చేతిలో పెట్టగానే ఎవరో కిసుక్కుమన్నారు. గింత దూరం గాలి మోటర్ల పోయి ఈతాకు చాట తెచ్చిందా, మన ఒర్రె ఒడ్డుకు లేదా ఈతాకు అని ఇంకొకరు అందుకున్నారు. యారాలు నవ్వలేదు. చాటను ఒకసారి తిప్పి చూసి, మెల్లగా అన్నది.

“అందరికి సెంటు ఇచ్చి, నాకు పని ఇచ్చినవా అక్క?”

లోపలికి పోయి, ఒక్క రోజు కూడా ఖాళీ పోని నా కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, తన పాత వెదురు చాట ముందు కూర్చుంది. మూడు నెలలు ఇద్దరి పొగాకు పీల్చిన మనిషికి ఒక్క చుక్క వేరే వాసన కావాలనిపిస్తుందని, అన్ని చాటలు ఒడిలో పెట్టి చూసిన నాకు ఎందుకు తట్టలేదో. నేను ఆమె చేతులకు తెచ్చాను, ఆమెకు తేలేదు.

ఆ తర్వాత వాకిట్లో కత్తెర చప్పుడే తప్ప మా ఇద్దరి మధ్య మాట లేదు. అట్లాగే సద్దుల బతుకమ్మ వచ్చింది. సాయంత్రం యారాలు తంగేడు, గునుగు, బంతి ఎత్తుగా పేర్చిన బతుకమ్మతో గడప దాటింది. కింద చూస్తే ఇత్తడి తాంబాలం కాదు, ఆ మస్కట్ చాట. పూలకు అది ఇంకా బాగా కుదిరింది. వాడకట్టు ఆడవాళ్లు మూగి, యాడిది గీ సిబ్బి అని అడుగుతుంటే, నా వైపు చూడకుండానే చెప్పింది.

“మస్కట్‌ది. మా అక్క విమానంల ఒడిల వెట్టుకొని అచ్చింది.”

ఆ సంగతి నేను చెప్పలేదు, విమానం ఎక్కించడానికి వచ్చిన అల్లుడు ఫోనులో చెప్పి ఉంటాడు. చెరువులో బతుకమ్మను వదిలి, చాటను కడిగి, ఆరడానికి నెత్తిన టోపీలా బోర్లించుకుని నా పక్కనే నడిచి వచ్చింది. ఈనాటి వరకూ దానిలో ఒక్క తునికాకు పెట్టలేదు.

అందుకే ఆ రోజు వీడియోలో నోరు పెగిలాక ఈ పిల్లకు ఒక్కటే చెప్పాను, చిన్నమ్మమ్మకు పనికొచ్చేది ఏదీ తేకమ్మా అని. అరచేతి అంత కాగితపు గొడుగు తెచ్చింది, చేత్తో పూలు వేసినది. ఎండకు ఆగదు, వానకు ఆగదు.

ఇప్పుడు మా వాకిట్లో ఎవరూ చుట్టడం లేదు. పెట్టె విప్పుతున్నారంటే వచ్చి కూర్చునేవాళ్లూ లేరు, అన్నీ జగిత్యాల దుకాణాల్లోనే దొరుకుతున్నాయి. నిన్న పొద్దుగూకేదాకా యారాలు గడపలో కూర్చుని ఆ గొడుగు విప్పడం, ముడవడం, మళ్లీ విప్పడం. దారం కోసిన చీలిక ఎన్నడో మానిపోయిన ఆమె బొటనవేలు గొడుగు పుల్లను మెల్లగా పైకి నెడుతుంటే, నేను ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయాను.