గన్నేరు వరస

నర్సీపట్నం నుంచి గొలుగొండ వెళ్లే రోడ్డు పక్కనున్న వెంచర్‌లో బుల్లమ్మ రోజూ గన్నేరు చెట్లకు నీళ్లు పెడుతుంది. కుచ్చెళ్లు ఎగదోపి, నల్ల పైపు భుజాన వేసుకుని, ఒక్కో చెట్టు మొదట్లో ఇరవై లెక్కపెట్టేదాకా నిలబడుతుంది. ఎండ ఎంత కాసినా గన్నేరు ఆకు రాల్చదు, పూయడం మానదు. చదును చేసిన ప్లాట్ల మీద మాత్రం ఆమె తిన్నగా నడవదు. అడ్డమేదీ లేనిచోట పక్కకు తప్పుకుంటుంది. ఆరేళ్ల కిందట అమ్మేసిన తోటలో ఆమె జీడిచెట్లు సరిగ్గా అక్కడే ఉండేవి. "బేగి రా, తిన్నగా నడవలేవేటి?" అని మేనేజరు గణేశ్వరరావు విసుక్కుంటాడు.

మొన్న ప్లాటు చూడడానికి విశాఖ నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఇక్కడ ముందు ఏముండేదని అడిగారు.

"ఏమీ లేదండీ, ఉత్త బీడు," అన్నాడు గణేశ్వరరావు.

బుల్లమ్మ పైపులో నీళ్లు ఒకే చెట్టు మొదట్లో చాలాసేపు పారాయి. వచ్చినావిడ ఆమె వైపు తిరిగి, "పెరట్లో నాలుగు జీడిమొక్కలు వేస్తే బతుకుతాయా అమ్మా?" అంది.

బుల్లమ్మ మేనేజరు మొహం చూసి, పైపు మళ్లీ భుజానికెత్తుకుంది.

"బీడు కదమ్మా. గన్నేరే ఎయ్యండి. పశువు కూడా మూతెట్టదు."