తడి గోనె కప్పిన రోజు

"గోనె ఎవరు కప్పారు దీని మీద?"

"నేనే కప్పిన. ఎండకు రొప్పుతుంటె సూసుకుంట కూసోమంటవా?"

"ముందు తీయండి మామ్మగారూ. లోపల ఉడికిపోతోంది."

"తడి గోనె కింద ఉడుకుడేంది? పెండ్లయి ఒచ్చిన కాడి నుంచి నా రంజన్‌కు గట్లనే కప్పుతున్న. నీళ్లు సల్లగ ఉంటయి."

"ఇది కుండ కాదండీ, కుక్క."

మేడ మీద గదిల కిరాయికుండే ఆయన నాతోటి గట్టిగ మాట్లాడుడు అదే మొదలు. గుంటూరు దిక్కు మనిషి. ఒక సెక్యూరిటీ కంపెనీల పని. కుక్కను పట్టుకొని ఫంక్షన్ హాళ్లల్ల, మాల్‌లల్ల బాంబులున్నయేమో ఎతికిస్తడు. కుక్క కంపెనీదే గాని ఉండుడు ఆయనతోనే. రోజూ దాన్ని పరుగెత్తించాలె, డాబా మీద డబ్బాలు దాచి ఎతికించాలె. లేకుంటె పని మరుస్తదట.

ఎండకాలం తెల్లారక ముందే ఆ పని ముగిస్తడు. ఆ దినం రాత్రి డ్యూటీ దిగి పొద్దెక్కినంక ఒచ్చి, పది గంటలకు మొదలుపెట్టిండు. అయినంక మెట్ల కింద నీడకు కట్టి, ముంగట గిన్నెల నీళ్లు పెట్టి, టిఫిన్ కట్టించుకొస్తనని పోయిండు. నేను సూస్తె దాని నాలుక గరిటెంత ఎడల్పయి ఏలాడుతున్నది. పక్కలు ఎగిరెగిరి పడుతున్నయి. నీళ్ల దిక్కు సూస్తలేదు. పాత గోనె తడిపి మెడ కాడి నుంచి తోక దాంక కప్పిన. ఒక్క చెంబు నీళ్లతోటి పని అయిపోయె అనుకున్న.

ఆయన గోనె గుంజి, నా చెయ్యి పట్టి లోపలి దిక్కు ఆనించిండు. ఇడ్లీ పాత్రల బట్ట లెక్క కాలుతున్నది.

"కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదండీ. రొప్పితేనే వేడి పోవాలి. గాలి తగలకుండా మూసేస్తే ఎటు పోతుంది?"

నా రంజన్ కిటికీ కాడ గాలికి ఉంటది. మెట్ల కింద గాలి లేదు. ఆ సంగతి నాకు తట్టలే.

కుక్కను వాకిట్లకు ఎత్తుకపోయి, నా డ్రమ్ముల నుంచి బకెట్లతోటి ముంచి పొట్ట మీద, తొడల సందున పోసిండు. నా ఫ్యాను తెచ్చి పెట్టిండు. మూడో బకెట్ ముంచుతుంటె, "నల్లా నీళ్లు ఎల్లుండి గాని రావు నాయన" అన్న. కుక్క కాళ్లు సాపి పడి ఉన్నది, నేను అన్నది గా మాట. ఆయన ఒకసారి నా మొఖం సూసిండు. నాలుగోది ముంచిండు. తర్వాత ఆటోల ఏసుకొని పశువుల దవాఖానకు పోయిండు.

వారం ముందు డాబా మీద దాని కోసం నీళ్ల టబ్బు పెట్టుకుంటనని అడిగితె, నీళ్లు దండగ, డాబా కారుతది అని ఒద్దన్నది గూడ నేనే.

మా ఆయన పోయినంక నాతోటి పనిబడి నా గడపకు ఒచ్చేటోళ్లు లేరు. బడంగ్‌పేట్ల ఉన్న కొడుకు ఫోను చేస్తడు. ఆ కుక్క మాత్రం పగలు నా గడప ముంగట షాబాదు బండ మీద పండుకునేది. నా కోసం కాదు, బండ సల్లగుంటదని. నాకు తెల్సు. అయినా తలుపు తీసే పెట్టుకునేదాన్ని. కూరగాయలు తరుక్కుంట, జర జరుగు, ఎండ మీద పడుతున్నది కండ్లు కనపడ్తలేవా, అని తిట్టేదాన్ని. పొద్దంత దానితోటి తప్ప ఎవలతోటి మాట్లాడని దినాలున్నయి.

సాయంత్రం ఆటో దిగి కుక్క తన కాళ్ల మీదనే నడిచొచ్చింది. నా దిక్కు రాలే. ఆయనెంబడే మెట్లెక్కింది. పైన ఫోన్ల ఆయన మాట వినబడ్డది.

"ఇక్కడ కుదరదు సార్. కుక్కని మన కంపెనీ షెడ్‌లోనే ఉంచుదాం. అక్కడ ఫ్యాన్లు, నీళ్లు ఉన్నాయి కదా."

తెల్లారి నేనే మెట్లెక్కి పోయిన.

"టబ్బు పెట్టుకో నాయన. డ్రమ్ముల నీళ్లు గూడ వాడుకో. నేనేమనను."

"మీ మీద కోపం లేదండీ. ఆ ఎండలో పరిగెత్తించడం నా తప్పే. ఆఫీసులో చెప్పేశాను."

ఏడు గంటలకు కంపెనీ బండి ఒచ్చింది. ఆయన కుక్కను ఎక్కమన్నడు, ఎక్కింది. డ్రైవరు ఎనక తలుపేసిండు. బండి గల్లీ దాటి మెయిన్ రోడ్డు ఎక్కింది.