మామ కట్టిన మేడ

మొన్న తర్లగూడ దారిలో ఉన్న ఒక ఊరికి నన్ను స్కూటరు మీద తీసుకెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నేలనూ నీటినీ కాపాడుకోవడం గురించి రైతులకు కార్యశాల అట. పాతవాళ్ళు ఒకరిద్దరు ముందు వరసలో ఉంటే ఫొటో నిండుగా ఉంటుందని, బ్లాకు ఆఫీసులో పనిచేసే మా మరిది కొడుకు పట్టుబట్టాడు. మోకాళ్ళ నొప్పులు, నేను రాలేనురా అంటే వాడు వింటేనా. టెంటు వేశారు, ఫ్లెక్సీ కట్టారు, వచ్చినవాళ్ళందరికీ అట్టపెట్టెల్లో సమోసాలు పంచారు. పడుచు అధికారి ఒకాయన తెర మీద బొమ్మలు మారుస్తూ హిందీలో చెబుతున్నాడు, ఊరివాళ్ళు సగం వింటూ సగం ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు కునుకు పట్టే వేళకు ఆయన నోట ‘మేడ్’ అనే మాట వచ్చింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచి చుట్టూ చూశాను. ఎవరి ముఖంలోనూ ఏ మార్పూ లేదు. మేడ్ అంటే హిందీలో పొలం గట్టు అని ఇవాళ ఆ ఊళ్ళో బడికి పోయే ప్రతి పిల్లకూ తెలుసు. ఒకప్పుడు తెలియదు. తెలియక ఏం జరిగిందో గుర్తున్నవాళ్ళం ఆ టెంటు కింద ఇద్దరమే మిగిలాం, నేనూ, నా పక్క కుర్చీలో చెవులు సరిగా వినపడని అక్కా.

అక్క నాకు తోడబుట్టినది కాదు. మా అత్తవారిది భోపాలపట్నంలో కిరాణా దుకాణం. ఇప్పపువ్వు, చింతపండు తెచ్చి అమ్మి, ఉప్పూ నూనే కొనుక్కుపోయే దోర్ల తెగ ఆడవాళ్ళలో ఆమె ఒకతె. నేను కొత్త కోడలిగా దుకాణం అరుగు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న రోజుల్లో, తలలో పూలు లేవేమని ముందుగా పలకరించిన మనిషి గనుక అక్కా అన్నాను, ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. వాళ్ళ మాట మన తెలుగుకు దగ్గరే, కొంచెం చెవి ఒగ్గితే చాలు. నేను పుట్టి పెరిగింది జగదల్‌పూర్ కాబట్టి హిందీ వచ్చు, ఇంటి మాట తెలుగు, దోర్ల మాట ఆ అరుగు మీద అబ్బింది. ఇంతకు మించి నాకు చదువేమీ లేదు. కానీ ఆ కాస్త తెలివికే ఒక ఉద్యోగం వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ అనే పేరు అప్పటికింకా కొత్త, మేము నోరు జారి మధ్యప్రదేశ్ అంటూనే ఉండేవాళ్ళం. వానకు నేల కొట్టుకుపోకుండా ఆపే పథకం ఒకటి వచ్చింది, దానితో పాటు ఒక సాహెబు వచ్చాడు. ఆయనకు ఊళ్ళ మాట రాదు, ఊళ్ళవాళ్ళకు ఆయన హిందీ అంతంతమాత్రం. మధ్యన మాటలు అందించడానికి నన్ను పెట్టుకున్నారు. కోడలు సర్కారు జీపెక్కి ఊరేగుతోందని మా అత్తగారు వీధంతా వినేలా సణిగేవారు గాని, సాయంత్రం నేను ఇల్లు చేరగానే ఏ ఊళ్ళో ఏం జరిగిందని ముందుగా అడిగేదీ ఆవిడే. సాహెబు ఊరూరా పెట్టిన ఆ శిబిరాలను ఇప్పుడు తలచుకుంటే ముందు ఎర్రదుమ్మే గుర్తుకొస్తుంది. ఎక్కడికి పోయినా అవే చాపలు, అదే పలచటి పప్పు, చెప్పిందే చెప్పడం, విన్నవాళ్ళు తల ఊపడం, మళ్ళీ పోయేసరికి ఏమీ జరగకపోవడం. గొంతు బొంగురు పోయేది. ఎవరి మాటలో మోసి మోసి రాత్రి ఇంటికి వచ్చాక నా సొంత మాట ఒక్కటీ మిగిలేది కాదు.

అక్క పొలం మొన్న నేను పోయిన ఆ ఊరి వాగు పక్కన పల్లంలో ఉంది. దానికి ఎగువన ఆమె భర్తకు అన్న అయిన మనిషి పొలం. ఆయన్ను ఊరంతా మామా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. భర్త పోయాక అక్కకు మిగిలిన ఆధారం ఆ చెక్కే. ఏటేటా వానకు మామ పొలం నుంచి నీళ్ళు కిందికి దూకి, అక్క పొలాన్ని నడిమికి కోసుకుంటూ వాగులో కలిసేవి. విత్తనమూ పోయేది, మన్నూ పోయేది. ఇంకొక్క గట్టి వానాకాలం వస్తే అక్కడ పొలం ఉండదు, వాగే ఉంటుంది. మామ తన పొలం దిగువ అంచున కాస్త నేల వదిలి గట్టు వేయనిస్తే అక్క పొలం నిలుస్తుంది. ఆయన వేయనివ్వడు. నేల తగ్గుతుందని ఆయన బాధ. అక్క పోయి అడుగుదామా అంటే, తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడి మాట్లాడే ఆచారం వాళ్ళ ఇంట్లో లేదు. ఆయన కూర్చున్న చోట ఆమె అడుగు పెట్టదు, ఆమె ఉన్న వాకిట్లోకి ఆయన దగ్గకుండా రాడు.

మామ గురించి ఇంకొక్క మాట చెప్పాలి. ఆయన ఏటా మిరపకాయల ఏరివేతకు గోదారి దాటి అవతలి ఊళ్ళకు పోయేవాడు. అక్కడ ఒక ఆసామికి మేడ ఉండేది. మధ్యాహ్నం కూలీలందరూ దాని మెట్ల నీడలో గంజి తాగేవాళ్ళు. ఆ మెట్లెక్కి పైన కూర్చుంటే గోదారి కనపడుతుందేమోనని మామకు ఆశ. కూలివాణ్ణి ఎవరు ఎక్కనిస్తారు? ఈ ముచ్చట మా దుకాణం అరుగు మీద ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, మేమూ అన్నిసార్లు విన్నాం.

ఒక రోజు మామ ఊళ్ళో శిబిరం, ఇప్పచెట్ల కింద. సాహెబు నన్ను ఆడవాళ్ళ వైపు పంపాడు, వాళ్ళకు విత్తనాలు దాచుకునే పద్ధతి చెప్పమని. గట్ల సంగతి చిన్న మాటలేగా, మగవాళ్ళకు నేనే చెప్పుకుంటానన్నాడు. కాసేపటికి అటువైపు నుంచి చప్పట్లు వినిపించాయి. చూస్తే మామ లేచి నిలబడి రెండు చేతులూ జోడించి ఉన్నాడు, ముఖం వెలిగిపోతోంది. అన్నాళ్ళుగా బిగదీసుకున్న మనిషి ఒక్కమాటతో ఒప్పుకున్నందుకు సాహెబు పొంగిపోతున్నాడు. నా పక్కన అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. నేను అటు పోగానే మామ నన్ను దగ్గరకు పిలిచి మెల్లగా అడిగాడు.

"మేడకు మెట్లు లోపటి నుంచి పెడ్తరా బిడ్డా, బయటి నుంచా?"

నీ నేల మీద మేడ్ కడతామని సాహెబు హిందీలో అన్నాడు, ఈయన తన చెవితో తాను విన్నాడు. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను, అది మేడ కాదు మామా, గట్టు, వాళ్ళ మాటలో గట్టును అలా అంటారని. నెమ్మదిగానే చెప్పినా పక్కవాళ్ళ చెవిన పడింది. ముందు ఒకడు నవ్వాడు, ఆ తర్వాత చాపల మీద ఉన్నవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. సంగతి తెలిశాక సాహెబూ నవ్వాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, నవ్వొచ్చి నవ్వాడు. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి ఊళ్ళో ఆయన పేరు మేడమామ. పిల్లలు దారికాచి మరీ పిలిచేవాళ్ళు. సాహెబు ఇంకోసారి వచ్చి బతిమాలాడు. నవ్వినోళ్ళ పొలాల్లనే కట్టుకొమ్మను, నా నేల మీద తట్టెడు మన్ను పడనియ్య అన్నాడు మామ, అదే మాట నేను హిందీలోకి మార్చి సాహెబుకు అప్పజెప్పాను. ఒప్పుదల లేని చోట పని పెట్టడానికి వీల్లేదని పథకం ఇంకో ఊరికి తరలిపోయింది. ఎండలు ముదిరాయి, ఇక వానలు పడడమే తరువాయి. అక్క పొలం మీద నాకు ఆశ పోయింది.

ఆ రోజుల్లోనే అక్క మా దుకాణానికి వచ్చింది. అరుగు చివర కూర్చుని, తెచ్చిన చింతపండు తూకం వేయించుకుంది. బావను బతిమాలమని అడుగుతుందేమో, ఏం చెప్పి తప్పించుకోవాలా అని నేను లోపల్లోపల మథనపడుతున్నాను.

"ఆ దినం నేను నవ్వలేదని చెప్పు," అంది. "నువ్వు మాటలు మోసేదానివి గదా."

పొలం సంగతి కూడా చెప్పనా అన్నాను. వద్దంది. ఆ ఒక్క మాట పట్టుకుని బస్సెక్కి పోయాను. మామ వాకిట్లో కూర్చుని నార పేనుతున్నాడు. నేను చెప్పింది విని తల ఎత్తలేదు. ఆమెనే పంపిందా అని మాత్రం అడిగాడు. అవునన్నాను. లోపలికి చూసి నాకు జావ ఇమ్మని కేక వేశాడు. అది తాగి తిరిగి వచ్చాను. ఒకే మాట మాట్లాడే ఇద్దరి మధ్య దుబాసీ పని చేయడం నాకు అదే మొదలు.

కొన్నాళ్ళకు అటునుంచి వచ్చినవాళ్ళెవరో మేడమామకు పిచ్చెక్కిందని చెబితే మళ్ళీ పోయాను. ఆయన కావిడి వేసుకుని మన్ను మోస్తున్నాడు. ఒక్కడే. సర్కారు లేదు, కూలీ లేదు, సాహెబు లేడు. ఎండకు వీపు కమిలిపోయింది. సగం అయ్యాక సిగ్గుపడ్డారో ఏమో, నవ్విన వాళ్ళలో కొందరు పలుగూ పారా తెచ్చారు. తొలకరికి ముందే గట్టు నడుమెత్తు లేచింది. మామ దాని మీదికెక్కి చుట్ట ముట్టించి నన్నూ ఎక్కమన్నాడు.

"ఇదే మా మేడ. చూడు, గోదారి కనపడ్తది."

గోదారి అక్కడి నుంచి ఎంత దూరం! కనపడుతోంది మామా అన్నాను. ఆ ఏడు వాన దంచికొట్టినా అక్క పొలం నిలిచింది. ఆ తర్వాత మామ ప్రతి సాయంత్రం ఆ గట్టు మీదే కూర్చునేవాడు, అక్క ఆయన లేచి వెళ్ళేదాకా ఆ వైపు వచ్చేది కాదు.

తర్వాత అడవిలో తుపాకులు మోగిన చెడ్డ సంవత్సరాల గురించి నా వయసు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. ఊరికి ఊరు మూటలు కట్టుకుని గోదారి దాటింది. మామ అక్కడే మిరపతోటల మధ్య పోయాడు. చాలా ఏళ్ళకు మిగిలినవాళ్ళు తిరిగొచ్చేసరికి పొలాలన్నీ పొదలెక్కి ఉన్నాయి, హద్దురాళ్ళు లేవు, ఏది ఎవరిదో తెలియక అన్నదమ్ములే తగవులాడుకున్నారు. అక్కకు ఆ చిక్కు రాలేదు. పొదల్లో నడుచుకుంటూ పోయి గట్టు పట్టుకుంది, దాని కింద ఉన్నది తనది.

మొన్న తిండ్లయ్యాక ఆ పడుచు అధికారి అందరినీ టెంటు వెనకనే ఉన్న ఆ గట్టు దగ్గరికే తీసుకెళ్ళాడు. పాత మేడ్ ఎంత గట్టిగా నిలిచిందో చూడమని, ఇలాంటివే మీరూ కట్టుకోవాలని చెప్పాడు. ఎవరు కట్టారని అడిగితే ఒకరు అడవి శాఖ అన్నారు, ఒకరు కరువు పనుల్లో కట్టిందన్నారు. నేను చెబుదామని నోరు తెరిచాను. కానీ మిరప ఏరివేత దగ్గర మొదలుపెట్టాలి, అంతా చెప్పాలి, నాకు అలసట వచ్చింది. వాళ్ళకు ఇప్పుడు దుబాసీ అక్కరలేదు, అందరికీ హిందీ వచ్చు, అది మంచిదే. మేడ్ అంటే గట్టే అనుకుంటారు, ఇంకేదో అనుకుని లేచి చేతులు జోడించే మనిషి ఆ గుంపులో ఒక్కడూ లేడు. సర్కారు తన నేల మీద మేడ కడుతుందని ఎవరు నమ్ముతారు ఇప్పుడు? అది తెలివే కావచ్చు. నాకు మాత్రం దిగులేసింది.

అక్క నా మోచెయ్యి తట్టి, ఆ సారు ఏమంటున్నడని అడిగింది. మామ కట్టిన మేడ బాగుందంటున్నాడని ఆమె చెవిలో చెప్పాను. తల ఆడించింది. ఆ తర్వాత కర్ర ఊనుకుని, బావ బతికి ఉండగా ఎన్నడూ కాలు పెట్టని ఆ గట్టు మీదికి మెల్లగా ఎక్కి, గోదారి వైపు తిరిగి నిలబడింది. కనపడుతోందా అక్కా అని అడగబోయి ఊరుకున్నాను.