అమ్మ ఎక్స్‌పోజర్‌కు పోయిన రోజు

ఆత్మకూరులో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో ఎక్స్‌పోజర్ అనే మాట వినపడకుండా ఒక్క రోజు గడవదు. మన పిల్లలకు ఎక్స్‌పోజర్ లేదని మా కరస్పాండెంటు గారి బాధ. ఆ లేని వస్తువేదో నేనే సంచిలో దాచుకున్నట్టు నా వైపు చూస్తాడు. ఊళ్లోని లోకల్ చానల్ వాళ్లు ఉగాదికి యాంకరింగ్ చేయమన్నారు. డబ్బులివ్వరట, ఎక్స్‌పోజర్ ఇస్తారట. కాళ్లనొప్పులని డాక్టరు దగ్గరికి పోతే సన్ ఎక్స్‌పోజర్ తక్కువన్నాడు. మే నెలలో, మర్రిపాడు రోడ్డు మీద గంటసేపు బస్సు కోసం నిలబడి వచ్చిన మనిషితో ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. అందుకే ఆ మాటంటే నాకు ఒళ్లు మంట.

అలాంటిది ఒకరోజు అమ్మ ఫోన్ చేసి, "పాపా, మమ్మల్ని ఎక్స్‌పోజర్‌కి తీసకపోతా ఉండారు, నువ్వు కూడా రా" అంది. వెనక నుంచి నాయన గొంతు వినిపించింది. ఆయనకు తెలిసిన ఎక్స్‌పోజింగు సినిమాల్లోది. "ఈ వయసులో ఇదేం పొయ్యేకాలమే నీకు?" అంటున్నాడు.

ఉదయగిరి దగ్గర మా ఊళ్లో పొదుపు గ్రూపుకు అమ్మ లీడరు. పొదుపు సంఘాల ఆఫీసు వాళ్లు అప్పుడప్పుడు గ్రూపు ఆడవాళ్లను బస్సెక్కించి, బాగా సేద్యం చేసే రైతు పొలం చూపించి, అన్నం పెట్టి, బ్యానరుతో ఫోటో తీసి మళ్లీ ఊళ్లో దించుతారు. దానికి ఎక్స్‌పోజర్ విజిట్ అని పేరు. తర్వాత రిపోర్టు రాసివ్వాలి. ఆ రాతపని నాది.

ఆత్మకూరులో నేనెక్కాక బస్సు చేజర్ల వైపు తిరిగేసరికి గబుక్కున అమ్మ మొహం వైపు చూశాను. చేజర్ల దగ్గరే మా మేనమామ ఊరు. అమ్మకు ఉన్న ఒక్కగానొక్క తమ్ముడితో ఆరేళ్లుగా మాటల్లేవు. కూతురి పెళ్లికి మామ మా ఇంటికి వచ్చి అక్కకు బొట్టు పెట్టి పిలవలేదు, వాట్సాప్‌లో కార్డు పంపాడు. "తోడబుట్టినదాన్ని, నన్ను ఫోన్లో పిలస్తాడా? ఇంక వాడి గడప తొక్కను. వాడింట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను" అని అమ్మ ఆ రోజే శపథం పట్టింది. కార్డు మీద బొట్టు బొమ్మ ఉంది కదా అని మామ వాదన. ఇద్దరిదీ ఒకటే పట్టు. పండగలకు పుట్టింటి మాట వస్తే అమ్మ లేచి గిన్నెలు తోముకునేది. అది చూడలేక నేను వీధిలోకి పోయేదాన్ని.

"అమ్మా, బస్సు చేజర్ల పోతా ఉండాది."

"పోనీ. రోడ్డు ఎటుంటే అటే గదా పొయ్యేది" అని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పొలం చూడ్డానికి పట్టుచీర ఎందుకు కట్టిందో నాకప్పుడైనా తట్టలేదు.

బస్సు ఒక నిమ్మతోట దగ్గర ఆగింది. భుజాన కండువా, చేతిలో మైకుతో నిలబడ్డ ఆదర్శ రైతు మా మామే. "అందరికీ నమ..." అని అక్కను చూసి ఆగిపోయాడు. తర్వాత తేరుకుని, ఎరువుల గురించి బడిపిల్లాడిలా గడగడా అప్పజెప్పేశాడు. ఆడవాళ్లంతా నిమ్మచెట్లు చూస్తుంటే అమ్మ ఆయన దవడలు చూస్తోంది. "బక్కచిక్కినాడే" అంది నా చెవిలో.

ప్రశ్నలు అడగమనగానే మొదట లేచింది అమ్మే. "రైతు గారూ, ఈ చెట్లకి ఇంత సేవ చేస్తా ఉండారే, మీరు వేళకి తింటా ఉండారా?"

కూడా వచ్చిన ఆఫీసు మేడం కంగారుపడింది. "సేద్యం గురించి అడగాలమ్మా."

"ఇదీ సేద్యమే మేడం. రైతు ఎండిపోతే చెట్లేం కాస్తాయి?"

మామ నేలచూపులు చూశాడు. "షుగరు వచ్చిందక్కా" అన్నాడు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది, తోటంతా వినిపించింది.

"ఇంటికి రాక్కా, నీ మేనకోడలు కూడా వచ్చి ఉండాది" అని మామ బతిమాలితే, అమ్మ "గడప తొక్కనన్నాను, తొక్కను" అని గట్టు వెంబడి నడిచి, బోరు పైపు దగ్గర వంగి దోసిళ్లతో కడుపునిండా తాగింది. "ఇవి బోరు నీళ్లు. ఇంటి నీళ్లు కావు" అంది, ఎవరూ అడక్కుండానే. మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను.

ఫోటోకు నిలబెట్టి, "ఎక్స్‌పోజర్ ఎక్కువైంది, మొహాలు తెల్లగా వస్తున్నాయి, నీడకు రండి" అని మేడం మొత్తుకుంది. అమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని కదల్లేదు. ఆ ఫోటోలో ఇద్దరివీ సున్నం కొట్టిన మొహాలే.

తిరిగొస్తుంటే పక్క సీట్లో ఆమె నా దగ్గర వాపోయింది. "మేమంతా మైపాడు పోయి సముద్రం చూద్దామంటిమి. మీ అమ్మే, చేజర్లకైతేనే లీడరుగా సంతకం పెడతానని మంకుపట్టు పట్టింది." అమ్మ అప్పటికప్పుడు నిద్ర నటించింది.

రిపోర్టులో చివరి గడి మిగిలింది. "ఎక్స్‌పోజర్ వల్ల కలిగిన ప్రయోజనం ఏం రాయనమ్మా?"

"గట్టు దాకా పోయినాము అని రాయి" అంది కళ్లు తెరవకుండానే. "గడప దాకా పోవాలంటే వాడు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవాల."

తర్వాత ఒక కన్ను తెరిచింది.

"ఆ మాట వాడికి ఫోన్లో కొట్టు."