చెవి వెనక బుడిపె

మొన్న సెలూన్లో చెవి వెనక కత్తి తగలగానే నేను కుర్చీలోంచి లేచినంత పని చేస్తే, పాపం ఆ కుర్రవాడు కోసేశాననుకొని బెదిరిపోయాడు. నా చెవి వెనక ఏమీ లేదు. ఉన్నది మా పాపకు.

డెబ్బైల చివర్లో తిరుపతిలో అద్దెకుంటూ కాలేజీలో తర్కశాస్త్రం చెప్పేవాణ్ణి. రెండేళ్ళు నిండని పాపకు తలలో నీరు చేరితే, మద్రాసులో ఆపరేషన్ చేసి, ఆ నీరు కడుపులోకి దిగేలా చర్మం కింద సన్నటి గొట్టం వేసి పంపారు. చెవి వెనక శనగగింజంత బుడిపె. రోజూ వేలితో నొక్కాలి, దిగి మళ్ళీ లేస్తే గొట్టం పారుతున్నట్టు, లేవకపోతే వెంటనే రమ్మన్నారు. మా ఆవిడకు దాన్ని ముట్టుకోవాలంటేనే వణుకు. కనుక ఎమ్మే చదివిన నా చూపుడువేలికి మొదటిసారి పనికొచ్చే ఉద్యోగం దొరికింది.

పాప పుట్టువెంట్రుకలు కొండమీద ఇస్తామని మా అత్తగారి మొక్కు. ఆస్పత్రిలో గీసింది లెక్కలోకి రాదట. జుట్టు కాస్త పెరగగానే వెళ్ళాం గాని, అక్కడ కత్తి చూసి నేను గుండొద్దు, మూడు కత్తెర్లు చాలన్నాను.

"దేవునికాడ బేరమా నాయనా?" అన్నారు అత్తగారు.

"గొట్టం తెగితే ఆయనక్కూడా చెడ్డపేరే గదత్తా" అన్నాను. నేను తప్ప ఎవరూ నవ్వలేదు. మూడు కత్తెర్లే వేయించాం.

ఆ నెలలోనే పాపకు వాంతులు, మగత. దిష్టి అన్నవాళ్ళూ, పళ్ళొస్తున్నాయన్నవాళ్ళూ, వీధంతా మా ఇంట్లోనే ఉంది. నొక్కాను. బుడిపె దిగింది, లేవలేదు. అంతమందిలో ఆ సంగతి నా వేలికొక్కదానికే తెలుసు.

"మొక్కు బాకీ పెట్టుకోని మద్రాసేంది, ముందు కొండకు పోయి గుండు చేపీ" అన్నారు అత్తగారు. నేను మా ఆవిడ వంక చూస్తే, ఆమె తల్లి వంక చూసింది. బిడ్డను భుజాన వేసుకొని ఒక్కణ్ణే మద్రాసు బస్సెక్కాను. ఊరూరికీ నొక్కి చూస్తూ, ఒకవేళ అత్తగారి మాటే నిజమైతేనో అని, పుత్తూరు దాటాక తర్కశాస్త్రాన్ని పక్కనపెట్టి నా గుండు కూడా మొక్కేశాను.

గొట్టం మూసుకుపోయిందన్నారు, మార్చారు, పాప బతికింది. ఆపరేషన్ కోసం తలంతా నున్నగా గీశారు. తిరిగొచ్చాక అత్తగారు ఆ గుండు నిమిరి, "సూసినావా నాయనా, తీసుకోవాల్సింది ఆయన తీసుకున్నాడు" అన్నారు. ఓడిపోయినవాడిలా తలూపాను.

పాప ఇప్పుడు తన కాపురంలో చల్లగా ఉంది. వేలితో నొక్కడం పాత పద్ధతట, అంతా స్కానింగే చెబుతుంది. అత్తగారు లేరు, మా ఆవిడా లేదు, ఆ వీధినిండా లాడ్జీలు. అప్పట్లో ఇంటినిండా మనుషులుండి నా మాట నమ్మేవాడు ఒక్కడూ లేడని కుమిలిపోయాను. ఇప్పుడు నేనేం చెప్పినా కాదనేందుకు ఒక్కరూ లేరు.