డప్పు కాగేలోపు

మామిడిపల్లి దాటాక, ఎయిర్‌పోర్టు పక్కన ఒక రిసార్టు ఉంది. కరీబియన్ దీవుల్లా కట్టామని గేటు మీదే రాసుకున్నారు. ఇసుక లారీల్లో తెచ్చి పోశారు, ఈత కొలనును సముద్రమన్నారు, పనివాళ్ళందరికీ పూల చొక్కాలు తొడిగారు. కొబ్బరి బోండాలు మాత్రం కోనసీమవే. వెనకవైపు కళాగ్రామం. అక్కడ కుండలు చేసే ఆయన ఒకరు, బుట్టలల్లే ఆమె ఒకరు, డప్పు కొట్టేది మా అన్న. ఆ ఆదివారం మా ఆయన్ని వెంటబెట్టుకుని నేను వెళ్ళింది రిసార్టు చూడటానికి కాదు, పూల చొక్కాలో అన్నను చూసి నవ్వడానికి.

నవ్వాను కూడా. "ఏందే, గంత నవ్వొస్తున్నదా?" అంటూ అన్న గడ్డి మంట రాజేసి డప్పును దాని మీద తిప్పుతున్నాడు. తోలు కాగి బిగిస్తే గాని డప్పు పలకదు. అన్నకు చిన్నప్పటి నుంచి వచ్చిన పని అదొక్కటే. డప్పు కొట్టే ఆ కుడిచెయ్యి మీదే వాళ్ళ ఇల్లు నడిచేది.

ఏదో బర్త్‌డే పార్టీ నుంచి నలుగురు తాగి వచ్చారు. ముందున్నవాడు వాయించమన్నాడు.

"జర ఆగుండ్రి సార్, కాగుతున్నది."

"ఏంటిది, తోలు కాల్చుకు తింటావా?"

మిగతావాళ్ళు నవ్వారు. అన్న తల ఎత్తలేదు. ఎత్తకపోవడమే వాడికి కంటగింపైంది. డప్పును మంటలోకి తన్నాడు. అన్న కుడిచెయ్యి పెట్టి లాగబోతే ఆ మణికట్టు మీద బూటు వేసి నిలబడ్డాడు. పైన విమానం దిగుతోంది. అన్న నోరు తెరిచే ఉంది, అరుపు మాత్రం వినబడలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త అంటుంది. ఆ రోజు అక్కడ ఆగలేదు. పక్కన కుప్పలోంచి బోండాం తీసి వాడి మూతి మీద కొట్టాను. మళ్ళీ కొట్టాను. పన్ను ఊడి ఇసుకలో పడింది. వాడి స్నేహితుడు నా జుట్టు పట్టి ఈడ్చాడు. అడ్డమొచ్చిన మా ఆయన తల మీద కుండ పగిలింది. జుట్టు పట్టినవాడి చెయ్యి నోటికి అందగానే కొరికాను. నెత్తురు ఉప్పగా తగిలినా వదల్లేదు. ఇది చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

సెక్యూరిటీ వాళ్ళు వచ్చి విడదీశారు. తర్వాత వచ్చిన మేనేజర్‌కు కనబడింది పన్ను ఊడినవాడి మూతి ఒక్కటే.

"వాళ్ళు మన గెస్టులయ్యా. చేతులు జోడించి క్షమించమని అడుగు, పోలీసుల దాకా వద్దు" అన్నాడు అన్నతో.

"ఎందుకు జోడిస్తడు?" అని అరిచాను.

"నువ్వు ఊకో చెల్లె," అన్నాడు అన్న. పని పోతుందని అన్న భయం.

ఎడమచెయ్యి ఛాతీ దాకా లేపాడు. కుడిదాన్నీ లేపాడు గాని మణికట్టు దగ్గర నుంచి అది కిందికి వేలాడింది. దానివైపు కాసేపు చూశాడు. ఇంకోసారి ప్రయత్నించాడు.

"సార్, ఒక్క చేత్తోని దండం పెడితే నడుస్తదా? రెండోది లేస్తలేదు."