తెర మీద దిష్టిచుక్క

ఊరికే ఇస్తామంటే జనం పరిగెత్తుకొస్తారని మా ఆయన నమ్మకం. బెజవాడ గురించి అంతకన్నా తెలివితక్కువ నమ్మకం ఇంకోటి ఉండదు. ఇక్కడ ఊరికే ఇస్తామంటే ముందు మన మొహం చూస్తారు, తరవాత మన వెనకాల ఎవరున్నారో చూస్తారు, ఆ తరవాత "ఇందులో మతలబేంటండీ?" అంటారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేం ఊరికే ఇస్తామని తిరిగింది లినక్స్. కంప్యూటరు ఆన్ చేయగానే లేచి దాన్ని నడిపించే అసలు సాఫ్ట్‌వేరు అది. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. సీడీ ఊరికే, ఎక్కించి, నేర్పించి, ఏడాది పొడుగునా చూసుకున్నందుకు మాత్రం మాకు ఏదో ఒకటి ఇవ్వాలి. అవతలిది విండోస్. దాన్ని కొనుక్కుని వాడే మనిషిని ఆ రోజుల్లో నేను చూడలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర కంప్యూటర్లు బిగించి అమ్మే షాపులో మా ఆయన పనిచేసేవారు. మిషను కొన్న ప్రతివాళ్ళకీ కాపీ సీడీతో విండోస్ ఎక్కించి పంపడమే ఆయన ఉద్యోగం. "దొంగసొత్తు ఇక ఎక్కించలేను" అని ఒకరోజు మానేసి ఇంటికొచ్చారు. ఓనరు నవ్వి, "దసరా వెళ్ళేలోపు మళ్ళీ నా మెట్లే ఎక్కుతావు, చూస్తాగా" అన్నాడట. ఆ మాట మా ఇంట్లోంచి కదల్లేదు. అన్నం వడ్డిస్తుంటే కూడా నాకు అదే వినిపించేది.

కొట్టుకొట్టుకీ తిరిగాం. ఈయనేమో ధర్మపన్నాలు చెప్పేవారు. "కాపీ కొట్టడం దొంగతనమేనండీ" అని ఒక ఫోటో స్టూడియో ఆయన మొహం మీదే అన్నారు. ఆయనకు కోపం కూడా రాలేదు. "అదీ ఊరికే, ఇదీ ఊరికే. అలవాటైన ఊరికే వదిలేసి కొత్త ఊరికే ఎందుకండీ మాకు?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆటోలో కూచున్నాక ఏడుపొచ్చింది. శ్రావణం దగ్గర పడుతోంది, ఒక్క బేరం తెగలేదు.

చివరికి చల్లపల్లిలో చేనేత బట్టల వ్యాపారి ఒకాయన దొరికాడు. ఆయన పాత మిషను మాటిమాటికీ వైరస్ పట్టి పడుకునేది. "ఆ రోగం రాదంటే మీదే పెట్టుకుంటా. బాగుంటే మా వాళ్ళందరికీ చెప్తా" అన్నాడు. శ్రావణ శుక్రవారం కొత్త షోరూము తెరుస్తున్నాడు. కొత్త కంప్యూటరుకీ అప్పుడే పూజ. ముహూర్తానికి వాళ్ళమ్మగారు బటన్ నొక్కాలి. ఇంతవరకూ బాగానే ఉంది. మిషను మాత్రం బెంజ్ సర్కిల్ షాపులోనే కొన్నాడు. కొన్న మర్యాదకి ఆ ఓనర్ని కూడా పిలిచాడు.

వెళ్ళేసరికి ఓనరు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. చొక్కా జేబులోంచి సీడీ కవరు తొంగిచూస్తోంది. "ఏమ్మా, బాగున్నారా? ఏదైనా తేడా వస్తే నేనున్నాలెండి" అని జేబు తట్టాడు. వీడి ఉసురు తగల, అనుకున్నాను.

మిషనుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. ముందే ఆన్ చేసి ఉంచుతానని మా ఆయన బతిమాలారు. "ముహూర్తానికే లేవాలి నాయనా" అన్నారు పంతులుగారు. కొబ్బరికాయ కొట్టారు. పెద్దావిడ దణ్ణం పెట్టుకుని బటన్ నొక్కింది.

తెర నల్లగా అయిపోయింది. ఆ నలుపు మీద తెల్లటి అక్షరాలు బిలబిలమంటూ పైకి పోతున్నాయి. అది ఎప్పుడూ అలాగే లేస్తుంది. రోజూ చూసే మాకు అది నలుపని కూడా తట్టలేదు. అక్కడున్నవాళ్ళు రంగు చూసి పెళ్ళిచీరలు అమ్మేవాళ్ళు. శుభకార్యంలో నల్ల అంచు కనబడినా మడతపెట్టి పక్కన పెట్టేవాళ్ళు.

"ఇదేంటి నాయనా, నలుపు?" అంది పెద్దావిడ, చెయ్యి వెనక్కి తీసుకుని. పంతులుగారు మంత్రం ఆపేశారు. వ్యాపారి మొహంలో రంగు మారింది. ఓనరు కుర్చీలోంచి లేచాడు. "అయిదు నిమిషాలివ్వండి, మాది ఎక్కించేస్తా. తెర నిండా పచ్చటి చేను, నీలాకాశం!" అన్నాడు. సీడీ అప్పటికే చేతిలో ఉంది.

మా ఆయన గొంతు సవరించుకుని, "అవి కెర్నల్ మెసేజీలండీ, లోపలి భాగాలన్నీ ఒక్కొక్కటే..." అని మొదలెట్టారు. అయిపోయింది మా బతుకు, అనుకున్నాను. నా నోరు దానంతటదే లేచింది.

"దిష్టిచుక్కండీ పెద్దమ్మగారూ! కొత్త మిషను కదా, పదిమంది కళ్ళూ పడతాయి. ముందు నలుపు చూపించి, తరవాతే మొహం చూపిస్తుంది. కాపీ వాటికి ఇది ఉండదండీ, అసలుదానికే ఉంటుంది."

అక్షరాలు ఇంకా పోతూనే ఉన్నాయి. తల్లీ దుర్గమ్మా, తొందరగా లేపమ్మా అని మొక్కుకున్నాను. పెద్దావిడ బుగ్గన వేలు పెట్టుకుని, "చంటిదానికి పెట్టినట్టన్నమాట! అందుకే అవతలివాటికి రోగాలు" అంది. కోడలి చేత కాటుక తెప్పించి తెర మూల తనే ఒక చుక్క పెట్టింది. సరిగ్గా అప్పుడే నీలంగా తెర వెలిగింది. అందరూ అక్షింతలు వేశారు. ఓనరు సీడీ జేబులో పెట్టుకుని కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో మా ఆయన ఉయ్యూరు దాకా మా సీడీ కవరు చేతిలో తిప్పుతూ కూచున్నారు. తరవాత, "నిజం చెప్పి అమ్ముదామనే కదే ఆ ఉద్యోగం మానింది" అన్నారు.

"మీ నిజానికి అక్కడ కుర్చీ కూడా వెయ్యలేదండీ" అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడను. దసరా వెళ్ళింది, ఆయన ఆ మెట్లు ఎక్కలేదు.

వ్యాపారి అన్న మాట ప్రకారం తనవాళ్ళందరికీ చెప్పాడు. చెప్పింది మాత్రం దిష్టిచుక్క సంగతే. కొత్తగా వచ్చిన ప్రతివాడూ "ఆ నలుపు వచ్చేదేనా?" అనేవాడు. ఈయన తల దించుకుని "ఆ" అనేవారు. ఎవరైనా చదువుకున్నవాడు ఈ మాట విని నవ్వితే మా గతేంటని ఫోను మోగినప్పుడల్లా దుర్గమ్మకి మొక్కుకునేదాన్ని.

కొన్నేళ్ళకి కొత్త రకం లినక్స్ వచ్చింది. లేచేటప్పుడు నలుపు లేదు, అక్షరాల్లేవు, అందమైన బొమ్మ. ఈయన ఎంత సంబరపడ్డారో! "నీ అబద్ధానికి ఇక పనిలేదు" అని, మొట్టమొదట చల్లపల్లి వెళ్ళి అదే ఎక్కించి వచ్చారు. మర్నాడే వ్యాపారి ఫోను చేశాడు. గొంతు గట్టిగా ఉంది, పక్కనున్న నాకూ వినబడుతోంది.

"ఏమండీ, మిమ్మల్ని నమ్మాను కదా! నలుపు రావట్లేదు. మా అమ్మ పొద్దుట్నుంచీ గోల. మీరు కూడా కాపీది ఎక్కించడం మొదలెట్టారా?"

ఈయన గొంతు సవరించుకున్నారు. కెర్నల్ గురించి చెబుతారేమోనని నా ప్రాణం పోయింది. చివరికి "వస్తున్నానండీ" అని ఫోను పెట్టేసి, నా వంక చూడకుండా సంచీ తీసుకుని బస్టాండుకి వెళ్ళారు.

సాయంత్రం రాగానే, "ఏం చేశారండీ?" అని అడిగాను.

"బొమ్మ తీసేశాను. నలుపు వస్తోంది" అని కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి నడిచారు. తువ్వాలు అందిస్తుంటే చూశాను. ఆయన చూపుడువేలికి కాటుక అంటుకుని ఉంది.